యాభై నాలుగు మీటర్ల నీళ్లలో వెదురు గడ

మా దిక్కు ఎవరికైనా గాలి సోకిందంటే నేను ముందు అడిగేది, నిన్న ఏం తిన్నావు, ఎంత తాగావు అని. దయ్యం కథ చెప్పేవాళ్ల దగ్గర కూర్చొని నవ్వి లేచిపోయే మనిషిని. నలభై ఏళ్లు దాటేదాకా ఆ నవ్వుకు అడ్డం పడే సంగతి ఒక్కటి కూడా నాకు ఎదురుకాలేదు.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం మా చిన్నబిడ్డ. "బాపూ, నువ్వు చెప్పినప్పుడల్లా జర పెంచుతున్నవు. ఒక్కసారి ఉన్నదున్నట్టు రాసి పెట్టు" అంది. అందుకని పెంచకుండా రాస్తున్నాను. తెలియనిచోట తెలియదనే రాస్తాను.

మాది లక్సెట్టిపేట దగ్గర ఒక పల్లె. ప్రస్తుతం మంచిర్యాలలో ఫైబర్ తలుపులు, నీళ్ల ట్యాంకులు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతున్నాను. ఆ పని నేర్చుకున్నది ఒమాన్ దేశంలో, మస్కట్‌లో. అక్కడ పడవలు మరమ్మతు చేసే షెడ్డులో పదకొండేళ్లు ఉన్నాను. పగిలిన పడవ అడుగుకు ఫైబర్ గుడ్డ వేసి, రసాయనం పూసి, నున్నగా రుద్దడం నా పని. వందల పడవలు బాగుచేశాను కానీ, ఒక్కదాంట్లోనైనా ఒడ్డు కనిపించనంత దూరం పోలేదు.

ఆ షెడ్డులో నాకు పెద్దదిక్కు యాకూబ్ భాయ్. కరీంనగర్ మనిషి. వాళ్ల నాయన బట్టలు కుట్టేవాడు. ఈయన గుడారాలు కుట్టే పనికని గల్ఫ్ వచ్చి, తెరచాపలు కుట్టే పనిలో కుదిరి, కుట్టిన తెరచాప ఎట్లా పనిచేస్తుందో చూడాలని పడవ ఎక్కి, చివరికి పడవ నడిపే లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. వయసు యాభై అయిదు. ఇంటికి ఫోన్ చేస్తే ఉర్దూ, నాతో తెలుగు. మా ఇద్దరికీ ఆ షెడ్డులో మన దిక్కు మాట మాట్లాడే మనిషి ఇంకొకడు లేడు.

ఒక జనవరిలో ఆయనకు పని తగిలింది. ముప్పై అడుగుల చిన్న తెరచాప పడవ ఒకటి మస్కట్ నుంచి సలాలాకు చేర్చాలి. పడవ యజమాని రిటైరైన విదేశీయుడు. రోజూ సముద్రంలో ఈదందే ఆయనకు పొద్దు గడవదు. చలికాలంలో మస్కట్ నీళ్లు ఆయన ఒంటికి పడవు. దక్షిణాన సలాలా దగ్గర నీళ్లు వెచ్చగా ఉంటాయి. ఆయన విమానంలో పోతాడు, పడవను మేం తీరం వెంబడి తీసుకుపోవాలి. అయిదారు రోజుల దారి.

"తమ్మీ, వస్తవా? తోడు ఒక మనిషి కావాలె" అన్నాడు యాకూబ్ భాయ్. ఆలోచించకుండా వస్తానన్నాను. తొమ్మిదేళ్లు పడవల కింద పడుకొని పని చేశాను, ఒక్కసారైనా పైన కూర్చుందామనిపించింది.

మా ఇంటామె సరోజకు ఫోన్‌లో చెప్తే ఒక్కటే నవ్వు. "అయిదు రోజులు నీళ్ల మీదనా? పుష్కరాలకు గోదాట్ల మూడు మునుగులు మునుగుమంటే రెండింటికే ఒడ్డుకు ఉరికినవు" అంది. తర్వాత నవ్వు ఆపి, "ఆ యాకూబన్న ఉంటడు కదా? ఉంటే పో" అంది.

తెల్లవారుజామున బయలుదేరాం. మొదటి రోజంతా నేను కక్కుతూనే ఉన్నాను. రెండో రోజు పొద్దున యాకూబ్ భాయ్ ఎండు రొట్టె, అల్లం ముక్క చేతిలో పెట్టి, "దూరంగ కొండలను చూడు, పడవను చూడకు" అన్నాడు. చూశాను. కడుపు కుదురుకుంది. గాలి వెనకనుంచి వీస్తోంది. కుడిచేతి వైపు ఎర్రటి కొండలు, ఎడమవైపు అంతు లేని నీళ్లు. చుక్కాని పట్టుకోవడం ఆ రోజే నేర్చుకున్నాను. పడవ మాట వినడం మొదలుపెట్టాక నాకు అంత సంతోషం ఎందుకు వచ్చిందో చెప్పలేను, ఊరికే నవ్వు వస్తోంది.

మూడో రోజుకు స్వెటర్ విప్పేశాను. బకెట్‌తో ముంచి పోసుకున్న నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. మసీరా అనే పెద్ద దీవిని కుడివైపు ఉంచి బయటి దారిలో దాటాం. ఆ సాయంత్రమే యాకూబ్ భాయ్ అన్నం ముట్టలేదు. బొడ్డు చుట్టూ నొప్పి అన్నాడు. గ్యాస్ అనుకున్నాం. పొద్దు పొడిచేసరికి నొప్పి కుడివైపు కిందికి జారింది, ఒళ్లు కాలిపోతోంది, కాలు చాపలేకపోతున్నాడు.

నాకు వైద్యం తెలియదు. కానీ మా మేనమామకు అపెండిక్స్ పగిలి కరీంనగర్ పెద్దాసుపత్రికి తీసుకుపోయిన రోజు నేను ఆటోలో ఆయన పక్కన ఉన్నాను. అదే ముడుచుకోవడం, అదే చెమట.

యాకూబ్ భాయ్ పడుకొనే మ్యాపు తెర మీద వేలు పెట్టాడు. మ్యాపు తెర అంటే పడవలో చుక్కాని దగ్గర బిగించిన చిన్న స్క్రీన్. మనం ఎక్కడున్నాం, ఎటు పోతున్నాం, కింద నీళ్లెంత లోతు, అన్నీ చూపిస్తుంది. వచ్చిన దారి కూడా గీతగా మిగులుతుంది. దగ్గరలో ఆసుపత్రి ఉన్న రేవు ఊరు నలభై కిలోమీటర్లపైనే ఉంది. ఆయనే తెర మీద ఒక సూటి గీత గీశాడు.

"గీ గీత ఇడవకు. ఇంజను బంద్ చెయ్యకు. నేను పిలిచినా కిందికి రాకు" అని, పాకుతూ పడవ లోపలి గదిలోకి దిగాడు.

"ఫికర్ చెయ్యకు భాయ్" అన్నాను. అప్పటికి నాకున్న ఫికర్ నాకే తెలుసు.

అంతలో గాలి తిరిగింది. చలికాలంలో ఆ తీరాన ఒక్కోసారి ఎడారివైపు నుంచి గాలి లేస్తుంది. నేల మీది దుమ్మంతా సముద్రం మీదికి తెస్తుంది. ఎనిమిది గంటలకు కొండలు పోయాయి. తొమ్మిదికి పడవ ముక్కు నుంచి ముప్పై నలభై అడుగులు దాటితే ఏమీ కనిపించలేదు. అంతా పిండి చల్లినట్టు. సూర్యుడు పైన తెల్లటి బిళ్లలా ఉన్నాడు. గాలి ఎదురు కాబట్టి తెరచాప దింపేసి ఇంజను మీదే పోతున్నాను. ఫోన్‌కు సిగ్నల్ లేదు. రేడియోలో ఎంత పిలిచినా గరగర తప్ప జవాబు లేదు.

మనసులో ఒక్కటే నడుస్తోంది. ఇంజను ఆగితే ఈ గాలి మమ్మల్ని నడిసముద్రంలోకి తోసేస్తుంది. కరీంనగర్‌లో ఆయన భార్యకు నేను ఫోన్ చేయాలి. ఏమని మొదలుపెట్టాలో, ఆమె "హలో" అన్నాక నా మొదటి మాట ఏమిటో కూర్చుకుంటున్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ రాయను.

ఇక అసలు సంగతి. అర్ధరాత్రి కాదు, అమావాస్యా కాదు. పొద్దున పదిన్నర దాటింది.

"ఓ పిలగా! గటెటు వోతున్నవ్?"

యాకూబ్ భాయ్ పిలిచాడనుకొని వంగి లోపలికి చూశాను. కళ్లు మూసుకొని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని ఉన్నాడు. ఆయన నన్ను ఎప్పుడూ తమ్మీ అంటాడు. పిలగా అని నన్ను ఎవరైనా పిలిచి ఎన్నేళ్లయిందో.

తలెత్తితే, పడవకు ఎడమవైపు ముందర, ఇరవై అడుగుల దూరంలో ఇంకో పడవ ఉంది.

అది ఆ దేశపు పడవ కాదు. అడుగు చదునుగా, తారు పూసినట్టు నల్లగా, నీటికి జానెడు ఎత్తున ఉంది. చిన్నప్పుడు మా దగ్గర గోదావరి దాటించే నాటుపడవలు అట్లాగే ఉండేవి. ఇంజను లేదు, తెరచాప లేదు. వెనకభాగంలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ధోతి మోకాళ్లపైకి చెక్కుకొని, తలకు తువ్వాల చుట్టుకున్నాడు. చేతిలో పొడుగాటి వెదురు గడ. దాన్ని నీళ్లలో దింపి, ఒరిగి నెట్టి, మళ్లీ చేతి మీద చేయి వేసి పైకి లాగుతున్నాడు.

"నా ఎంబడి రా. గిటు, గిటు" అన్నాడు ఎడమకు చేయి ఊపుతూ.

మా ఇంజను డబడబలో పక్కనున్న మనిషి మాటకే అరవాలి. ఆయన అరవలేదు, అయినా నాకు స్పష్టంగా వినిపించింది. నేను చుక్కాని తిప్పాను. ఎందుకు తిప్పావని చాలామంది అడిగారు. ఊళ్లో పెద్దమనిషి గటు కాదు గిటు అంటే కాలు దానంతటదే తిరుగుతుంది. అట్లా తిరిగింది చేయి.

తిప్పాకనే బుర్ర పనిచేసింది. లోతు చూశాను. తెర మీద యాభై నాలుగు మీటర్లని ఉంది. ఆయన చేతిలోది మహా అయితే ఇరవై అడుగుల గడ. గడ అడుగున నేలకు తగిలితేనే పడవ కదులుతుంది, గోదావరి ఒడ్డున పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే. ఆయన నెట్టినప్పుడల్లా ఆ పడవ కదులుతోంది. గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగంతో పోతున్న మాకు ముందే ఉంటోంది, అలుపు లేకుండా.

ఇంకోటి చూశాను. పైకి లాగినప్పుడు గడ కొనకు బురద ఉంది. బూడిదరంగు తడి ఒండ్రు, జారి నీళ్లలో పడుతోంది. నా కళ్లతో చూశాను, ఒకసారి కాదు.

భయం వేయలేదు. వేసి ఉంటే నాకే ఈ కథ అర్థమయ్యేదేమో. ఆ పొద్దున మొదటిసారి నా భుజాలు కిందికి దిగాయి. ఒంటరిగా లేననిపించింది.

"పెద్దమనిషీ, మీదే ఊరు?" అని అడిగాను.

"ముందు లోపటున్న మనిషిని ఒడ్డుకు చేర్చు. ఊర్లు తర్వాత అడుగుదువు" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

లోపల మనిషి ఉన్నాడని నేను చెప్పలేదు.

చాలాసేపు అట్లా పోయాం. ఎడమకు, తర్వాత సూటిగా, తర్వాత మెల్లగా కుడికి. చివరికి ఆయన గడ పడవలో అడ్డంగా పెట్టి, "ఇగ సక్కగ పో. ఆగకు" అన్నాడు. దిక్కు సరిచూసుకుందామని తెర వైపు తల దించాను. రెండు క్షణాలు కూడా కాలేదు. తల ఎత్తేసరికి దుమ్ము, నీళ్లు తప్ప ఏమీ లేవు. చుట్టూ చూశాను, పిలిచాను.

నిలిచి వెతకాలనిపించింది. ఆగకు అన్నాడు కదా, ఆగలేదు.

ఒంటిగంట ప్రాంతంలో దుమ్ము పలచబడింది. ముందు రేవు గోడ, దాని పక్కన చేపల పడవలు కనిపించాయి. అప్పుడు నేను ఏడ్చాను. సిగ్గేమీ లేదు రాసుకోవడానికి. రేడియోలో ఎవరో పలికారు. ఒక చేపల పడవ ఎదురొచ్చి తాడు వేసి గట్టు దాకా లాగింది. అంబులెన్స్ వచ్చింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే లోపల పగిలేదని డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రి బయట మెట్ల మీద కూర్చొని కరీంనగర్‌కు ఫోన్ చేశాను. నేను కూర్చుకున్న మాట అవసరం రాలేదు. "భాభీ, భాయ్‌కు కడుపుల చిన్న ఆపరేషన్ అయింది. మంచిగున్నడు. రేపు మీతోని మాట్లాడుతడు" అన్నాను. ఆమె ఏడుస్తూనే, "నువ్వు ఏమన్న తిన్నవా?" అని అడిగింది.

మర్నాడు రేవుకు పోయాను పడవ చూసుకుందామని. మమ్మల్ని లాగిన చేపల పడవలో పనిచేసే బంగ్లాదేశ్ మనిషి ఒకాయన హిందీలో పలకరించాడు. ఏ దారిన వచ్చారని అడిగాడు. మ్యాపు తెర పెట్టి చూపించాను. యాకూబ్ భాయ్ గీసిన సూటి గీత, దాని మీదుగా మేం నిజంగా వచ్చిన గీత. నడుమ ఒకచోట మా గీత కొడవలిలా ఎడమకు వంగి, మళ్లీ వచ్చి సూటిదాంట్లో కలిసింది. వంపు మొదలైనప్పటి నుంచి కలిసేదాకా నలభై నిమిషాలు.

ఆయన ఆ వంపు చూసి నా మొహం చూశాడు. మేం వచ్చిన ముందురోజు రాత్రి ఒక పెద్ద చేపల లాంచీ బోల్తా పడిందట. మనుషులను కాపాడారు కానీ, లాంచీ మునగకుండా నీటి మట్టానికి తేలుతూ, చుట్టూ దాని వలలు పరుచుకొని ఉందట. ఆ మధ్యాహ్నానికి గానీ మిగతా పడవలను అటు రాకుండా హెచ్చరించే పడవ పోలేదట. ఆయన వేలు పెట్టి చూపించిన చోటు కొడవలి వంపు లోపల, యాకూబ్ భాయ్ గీసిన గీత మీద ఉంది.

వల ప్రొపెల్లరుకు చుట్టుకుంటే ఇంజను అక్కడే ఆగిపోయేది. ఎవరు చెప్పారు మీకు అని అడిగాడాయన. ఒక పెద్దాయన అన్నాను. తల ఊపి తన పనిలో పడ్డాడు.

నేను ఈ సంగతి యాకూబ్ భాయ్‌కి చెప్పలేదు. ఆపరేషన్ అయిన మనిషికి ఎందుకని ఊరుకున్నాను. మూడో రోజు ఆయన దిండుకు ఆనుకొని కూర్చొని, పలచటి గంజి తాగుతూ ఆయనే అడిగాడు.

"తమ్మీ, గా ముసలాయన ఎటు పోయిండు?"

"ఏ ముసలాయన భాయ్?"

"పడవల నీతోని మాట్లాడిండు కదా. ఊర్లు తర్వాత అడుగుదువు అన్నడు. మన దిక్కు మాటనే. ఎవలనో ఎక్కించుకున్నవనుకున్న."

నా చేతిలో గ్లాసు ఉంది. కింద పెట్టాను. అప్పుడు మొత్తం చెప్పాను, గడ, బురద, అన్నీ. ఆయన మిగిలిన గంజి తాగి గిన్నె పక్కన పెట్టాడు. "నేను ఉత్తగ పరేషాన్ అయిన, తమ్మునికి నిద్రలేదు, ఎట్ల నడుపుతడో అని. గా మాట ఇన్నంక నాకు నిద్ర వట్టింది" అన్నాడు.

నాకు నేను చెప్పుకోగలిగిన జవాబులన్నీ చెప్పుకున్నాను. ముప్పై గంటలుగా నిద్ర లేదు. డీజిల్ పొగ పీల్చుతున్నాను. నిద్రలేని మనిషి లేనివి చూస్తాడని డాక్టరే అన్నాడు. యాకూబ్ భాయ్‌ది నూట మూడు జ్వరం. నేనే రెండు గొంతులతో మాట్లాడానేమో, అది ఆయన విన్నాడేమో. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ నిద్రలేమి వలలను తప్పించి పడవ నడపదు.

పడవను సలాలాకు వేరేవాళ్లు చేర్చారు. యజమాని మా ఇద్దరికీ పండ్ల బుట్ట పంపి, మనిషి కన్నా పడవ ఎక్కువ కాదని చీటీ రాశాడు. ఆ తర్వాత రెండేళ్లకు నేను మంచిర్యాల వచ్చేశాను. యాకూబ్ భాయ్ కూడా కరీంనగర్ చేరి తిరిగి కుట్టుమిషన్ ఎక్కాడు. ఇప్పుడు పెళ్లి పందిళ్ల గుడ్డలు కుడతాడు. కడుపు మీద మచ్చ తప్ప ఏ బాధా లేదు, నాకన్నా ఎక్కువ తింటాడు.

గోదావరి దిక్కు ముసలివాళ్లను అడిగాను, ఇక్కడి పడవవాళ్లలో ఎవరైనా ఒమాన్ పోయి అక్కడే చచ్చిపోయారా అని. అట్లాంటి మనిషి ఎవరికీ తెలియదు. ఆయన మొహం మా ఇంట్లో చచ్చిపోయిన ఎవరిదీ కాదు. నాకు తెలిసిన ఎవరిలాగానూ లేడు.

సరోజకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "దేవుడైతేంది, దయ్యమైతేంది, నిన్ను ఇంటికి తోలిచ్చిండు కదా" అంటుంది.

పోయిన నెల యాకూబ్ భాయ్ ఇంటికి పోయాను. తిన్నాక ఇద్దరం బయట అరుగు మీద కూర్చున్నాం. నాకు ఎప్పటినుంచో లోపల ఉన్న ఒక మాట అన్నాను. ఆ రోజు మన దగ్గర ఫ్లాస్కు నిండా చాయ్ ఉండె భాయ్, అంతసేపు తోవ చూపిన మనిషిని తాగుతవా అని కూడా అడగకపోతిని, అని.

యాకూబ్ భాయ్ గడ్డం నిమురుకున్నాడు. "అడగాల్సుండె" అన్నాడు.